చుట్టల దొడ్డమ్మ

మూడో రోజు కూడా సెయిన్ యీ పొయ్యి వెలిగించలేదు.

ఇరవై ఏడేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఆమె పొయ్యి ముట్టించడమే. అలాంటిది, ఇప్పుడు కిటికీ పక్కన చాప మీద కూర్చుంది. ఒళ్ళో పళ్ళెం. ఆకు కత్తిరిస్తుంది, పొగాకు పోస్తుంది, చుడుతుంది, దారం బిగించి పక్కన పడేస్తుంది. మళ్ళీ ఇంకో ఆకు. నోట్లోంచి మాట మాత్రం ఊడిపడదు.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. మరదలు థాన్ న్వే అన్నం కుండ దించి తెచ్చి గుండ్రటి బల్ల మీద పెట్టింది. పక్కన రొయ్యల పచ్చడి, ఉడికించిన వంకాయ. ముగ్గురికీ మూడు పళ్ళేలు.

"వదినా, రండి."

సెయిన్ యీ తల ఎత్తలేదు.

"అడుగు కొంచెం మాడింది. పైది బాగానే ఉంది. మీకు పైదే పెడతాను."

ఆకు కత్తిరించిన చప్పుడు.

తమ్ముడు ఓన్ పే గోడవైపు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదుట తెల్ల కాగితం. పక్కన సిరాబుడ్డి, కుంచె. గురువారం సాయంత్రానికి బొమ్మ అందకపోతే అచ్చు బ్లాకు తయారుకాదు. బ్లాకు లేకపోతే శనివారం పత్రిక లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అయినా మూడు రోజులుగా ఆ కాగితం తెల్లగానే ఉంది.

"తిను అక్కా. కోపం నామీదైతే నన్ను తిట్టు. అన్నం ఏం చేసింది?"

సెయిన్ యీ చేతిలో చుట్ట పక్కన పెట్టింది. మూడు రోజుల తరవాత నోరు విప్పింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఏ మాట?"

"ఏ మాటో నీకు తెలుసు."

ఓన్ పే కుంచె అటూ ఇటూ తిప్పాడు. పోయిన శనివారం 'తౌక్టే' పత్రిక ఆఖరి పేజీలో వచ్చిన బొమ్మ గురించే ఆమె అడుగుతోంది. రంగూన్‌లో ఆ బొమ్మ చూడనివాళ్ళు లేరు. పీపాలాంటి ఒళ్ళు, నడినెత్తిన ముడి, అప్పడాల కర్రంత చుట్ట, సగం పేజీ నిండా పొగ. చుట్టల దొడ్డమ్మ. ఆమె ముందు రెండు టీ కప్పులు. ఎదుట ఖాళీ పీట. దొడ్డమ్మ ఆ పీట వంక చూసి అంటోంది: "ఏమండోయ్, ఈ రోజూ ఆలస్యమేనా? టీ చల్లారిపోతోంది, నాలాగే!"

దొడ్డమ్మ అంటే తనేనని సెయిన్ యీకి మొదటినుంచీ తెలుసు. ఆ సంగతి తెలిసి మురిసిపోయింది కూడా. చేపలమ్మితో బేరమాడటం, ట్రాములో కండక్టరును దులిపేయడం, వానాకాలం చెప్పులు చంకలో పెట్టుకుని నడవడం, అన్నీ తను చేసినవే. బజారులో ఎవరైనా "దొడ్డమ్మా, ఈ వారం ఎవరి పని పట్టావ్?" అంటే నడుం మీద చెయ్యి వేసుకుని "నీదే మిగిలింది" అనేది.

కానీ రెండు కప్పుల సంగతి బజారులో జరిగింది కాదు. ఎవరూ లేవకముందు, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు జరిగేది.

"చెప్పవేం?" అంది సెయిన్ యీ. "నేను నీతో ఎప్పుడైనా అన్నానా? పందొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా?"

"లేదు."

"మరి?"

ఓన్ పే చూపు అతను వద్దనుకున్నా భార్యవైపు వెళ్ళింది. ఒక్క క్షణమే. ఆ క్షణం చాలు.

థాన్ న్వే చేతిలో గరిటె అలాగే ఉంది. దానికి అంటుకున్న మెతుకులు ఒక్కొక్కటే పళ్ళెంలో పడుతున్నాయి.

"నేనే చెప్పాను వదినా."

సెయిన్ యీ ఆమెవైపు చూసింది. ఏడాదిన్నర కిందట ఇదే గదిలో, ఇదే కిటికీ కింద థాన్ న్వే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ ఏడవలేదు. నాలుగు రోజులు థాన్ న్వే అన్నం ముట్టలేదు, కన్నీరు పెట్టలేదు. ఐదో రోజు మధ్యాహ్నం సెయిన్ యీ ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఎవరికీ చెప్పని మాట చెప్పింది. వడ్ల పడవల మీద వచ్చే ఒక మనిషి ఉండేవాడు. వానలు వెళ్ళాక వస్తానన్నాడు. ఆ ఏడు రాలేదు, ఆ మరుసటి ఏడూ రాలేదు. ఇప్పటికీ పొద్దున్నే రెండు కప్పులు పోస్తాను. ఒకటి తాగుతాను, ఒకటి పారబోస్తాను. రానివాళ్ళకి కూడా ఒక కప్పు పోసుకోవచ్చు పిల్లా, తప్పు లేదు.

అప్పుడు థాన్ న్వే ఇటు తిరిగింది. ఏడ్చింది. ఆ సాయంత్రం గంజి తాగింది.

"నీ బిడ్డకోసం చెప్పానే ఆ మాట," అంది సెయిన్ యీ. గొంతు పెద్దది చేయలేదు. "నవ్వడానికి ఇచ్చేశావా?"

"ఆయన రెండు రోజులు తిండి తినలేదు. బొమ్మ రావడం లేదు. కాగితాలన్నీ చించేశారు..."

"అందుకని?"

"నేను ఏదో ఒకటి చెబితే ఆయన తలెత్తుతారు." థాన్ న్వే గరిటె కింద పెట్టింది. "చేపలమ్మి సంగతీ నేనే చెప్పాను. ట్రాము కండక్టరుదీ నేనే. మొదటి బొమ్మనుంచీ అంతే. పగలు మీరన్నవి, చేసినవి గుర్తుపెట్టుకుంటాను. చెబుతాను. ఆయన నవ్వుతారు. నావైపు చూస్తారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది వదినా, ఆయన నావైపు చూసింది ఆ మాటలు చెప్పినప్పుడే."

"ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు ఓన్ పే.

"అడిగారు కాబట్టి చెప్పాను."

"ఈ సంగతి బయటికి పొక్కి పత్రిక పరువు పోవాలా?"

"పరువు పత్రికదా, మీదా?" అంది థాన్ న్వే.

వీధిలో ఒకడు ఉడికించిన శనగలంటూ అరుచుకుంటూ వెళ్ళాడు. వాడి అరుపు సందు చివరిదాకా వినిపించింది.

సెయిన్ యీ లేచింది. గోడ పక్కనున్న చిన్న పెట్టె లాగి, రెండు లుంగీలు, ఒక రవిక, దువ్వెన, తల్లి ఫోటో అందులో పెట్టింది.

"అక్కా, ఏమిటిది?"

ఆమె గొడుగు తీసుకుంది.

"అక్కా!"

మెట్లు దిగింది.

*

ఓన్ పే వెనకాలే పరుగెత్తుకొచ్చి పెట్టె లాక్కున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే ట్రాము ఆగేచోటుదాకా నడిచారు. సన్నగా వాన. కెమ్మెండైన్ వీధి మొత్తం అరుగుల మీదే ఉంది. పలకరించినవాళ్ళు లేరు.

"ఎక్కడికెళ్తావు?"

"దొ మ్యా ఖెట్ చుట్టల కొట్టుకి. పైన అటక ఖాళీగా ఉంది."

"అటక మీద ఉంటావా? ఇల్లు పెట్టుకుని?"

"ఇల్లు నీది."

"ఎవరన్నారు? ఆ మెట్లు, ఆ పైకప్పు అన్నీ నువ్వు చుట్టలు చుట్టి కట్టినవే కదా. పత్రిక కూడా. మా ముగ్గురినీ ముందుగదిలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది ఎవరు? దానికి పేరు పెట్టింది ఎవరు?"

అది నిజమే. మూడేళ్ళ కిందట ఓన్ పే, గురువుగారన్న గౌరవంతో అందరూ సయా అని పిలిచే సంపాదకుడు ఊ లూ డిన్, ఎగతాళి పద్యాలు రాసే ఇంకొకాయన, ముగ్గురూ ఆ ముందుగదిలో పత్రికకు పేరు దొరక్క పొద్దుటినుంచి సాయంత్రందాకా కొట్టుకున్నారు. గోడ మీద పెద్ద బల్లి ఒకటి 'తౌక్టే... తౌక్టే' అని అరిచింది. "అదుగో, అది చెబుతోంది కదా, వినరేం? ముందు అన్నానికి లేవండి" అంది సెయిన్ యీ. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. మొదటి సంచిక ఆరువందల ప్రతులూ ఆమే మడతపెట్టింది. మొదట్లో దొరల మీద, ఊరిపెద్దల మీద బొమ్మలు వేశారు. సర్కారు నుంచి హెచ్చరిక కాగితం వచ్చింది. పద్యాలాయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఎవరి జోలికీ పోకుండా ఎవరి బొమ్మ వెయ్యాలా అని ఓన్ పే తల పట్టుకు కూర్చున్న వారంలోనే దొడ్డమ్మ పుట్టింది.

ఎవరి జోలికీ పోకుండా!

"ఇకమీదట గియ్యను," అన్నాడు ఓన్ పే. "అమ్మ మీద ఒట్టు. దొడ్డమ్మ ఇక లేదు. ఇంటికి రా."

"గియ్యొద్దని నేను అన్నానా?"

"మరేం కావాలి అక్కా నీకు?"

ఆమెకు చెప్పాలనే ఉంది. కానీ తనకేం కావాలో తనకే తెలియలేదు. ఆరేళ్ళ వయసులో వీడికి జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చెయ్యి ఇది. ఇప్పుడు ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ట్రాము వచ్చింది. పెట్టె అందుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడొకడు ఆమె ముడి, ఆమె నోట్లో చుట్ట చూసి పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నవ్వాపుకున్నారు.

మామూలుగా అయితే సెయిన్ యీ వాళ్ళని అక్కడే కడిగేసేది. ఆ రోజు చుట్ట తీసి ఆర్పేసింది.

*

చుట్టల కొట్టులో ఇరవై రెండుమంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని చుడతారు. వాళ్ళలో ఒకామె మధ్యలో కూర్చుని పత్రిక పైకి చదవడం అక్కడి అలవాటు. ఆమె వాటా చుట్టలు మిగతావాళ్ళు తలా కాసిని చుట్టి పెడతారు. శనివారం వచ్చిందంటే 'తౌక్టే' కోసం కొట్లాటే. ఆఖరి పేజీ ముందు చూపించమని గోల.

ఈసారి శనివారం పత్రిక రాలేదు.

"ఆఖరి పేజీ లేక ఆపేశారట," అంది చదివే ఆమె, ఎటో చూస్తూ.

"వచ్చే వారం కూడా రాదేమో."

"పోనీలే. ఏముంది అందులో?"

సెయిన్ యీ ఆకులు కత్తిరిస్తూ విన్నది. ఇరవై రెండుమందీ ఆమె మొహం చూడకుండా ఎంత జాగ్రత్తగా ఉన్నారంటే, ఆమె ఒక్కతే అద్దాల బీరువాలో ఉన్నట్టుంది. ఆమె నీళ్ళకోసం లేస్తే మాటలు ఆగిపోతాయి. తిరిగొచ్చి కూర్చుంటే వాన గురించి మొదలవుతాయి.

మధ్యాహ్నం అన్నాల వేళ దొ మ్యా ఖెట్ పక్కకు వచ్చి కూర్చుంది. అరవై దాటిన మనిషి. ముగ్గురు మొగుళ్ళను సాగనంపిన మనిషి.

"నువ్వు నోరు మూసుకుంటే కొట్టంతా పీనుగ లేచిన ఇల్లులా ఉందే."

"అరవమంటారా?"

"అరవరాదూ. తిట్టు. ఏదో ఒకటి చెయ్యి." ఆవిడ గొంతు తగ్గించింది. "వాళ్ళు నవ్వారనే కదా నీ బాధ? ఆ బొమ్మ చూసి ఈ కొట్టులో ఎంతమంది నవ్వారో లెక్కపెట్టావా?"

"ఎందుకు లెక్కపెట్టాలి?"

"నేను పెట్టాను. తొమ్మిదిమంది. మిగతావాళ్ళు నవ్వలేదు."

ఆ మాట ఓదార్పుగా ఉంటుందనుకుంది ముసలావిడ. కానీ సెయిన్ యీకి మరీ ఒంటరిగా అనిపించింది. నవ్వినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు. నవ్వనివాళ్ళనేం చెయ్యాలి?

అటక మీద ఒక చాప, ఒక కుండ, కొక్కేనికి లుంగీలు. పొద్దున్నే లేచి టీ పెట్టుకుంది. ఒకే కప్పులో పోసింది. తాగింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. తరవాత ఏం చెయ్యాలో తోచక వాన చూస్తూ కూర్చుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ రెండో కప్పు చల్లారేదాకా ఆమెకు తోడుగా ఉన్నది ఆ పడవ మనిషి కాదనీ, అతని మొహం ఎప్పుడో మరిచిపోయిందనీ, పొద్దుటిపూట ఆ కాసేపు తన గొంతు తనకు వినిపించడమే కావలసి వచ్చిందనీ ఆ రోజే తెలిసింది.

ఈ మాట చెప్పడానికి మనిషి లేదు. ఉన్న ఒక్క మనిషీ థాన్ న్వే.

*

బుధవారం ఊ లూ డిన్ కబురు పంపారు. ఒకసారి వచ్చి వెళ్ళమని.

ముప్ఫై మూడో వీధిలో ప్రెస్సు కింద, పత్రిక ఆఫీసు పైన. మెట్ల నిండా సిరా వాసన, తడి కాగితం వాసన. సెయిన్ యీ ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. సంచికలు మడతపెట్టిన రోజుల్లో కాగితాలే ఆమె దగ్గరికి వచ్చేవి.

ఊ లూ డిన్ లేచి నిలబడ్డారు. ఊరందరినీ నవ్వించే పత్రిక నడిపే ఆ మనిషి నవ్వగా ఆమె చాలా తక్కువగా చూసింది.

"కూర్చో చెల్లెమ్మా. టీ తెప్పించనా?"

"వద్దు సయా."

టీ మాట ఎత్తినందుకు ఆయన నాలుక కరుచుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తప్పు నాది కూడా. ఆ బొమ్మ వచ్చినప్పుడు నేను నవ్వాను. నవ్వి, బ్లాకుకి పంపేశాను. అది ఎవరిదో ఆలోచించలేదు."

"ఎందుకు పిలిచారు?"

ఆయన సొరుగులోంచి ఒక కవరు తీశారు. "ఇది పొద్దున మెట్ల మీద ఉంది. కవరు మీద పేరు లేదు. బొమ్మ కింద సంతకం కూడా లేదు. ఓన్ పే కాక ఇంకెవరు పంపుతారు? కానీ ఇందులో నవ్వొచ్చేది ఏదీ నాకు కనిపించలేదు. నిన్ను అడక్కుండా వెయ్యకూడదని పిలిచాను. వెయ్యమంటే వేస్తాను. వద్దంటే చించేస్తాను. చించేస్తే ఈ వారం కూడా పత్రిక ఉండదు. ఆ పైన ఉంటుందో లేదో చెప్పలేను. అది నీ మీద పెట్టడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను."

సెయిన్ యీ కాగితం విప్పింది.

వాన. ట్రాము పట్టాలు. వీధి మధ్యలో ఒకామె, చేతిలో పెట్టె, ముడుచుకున్న గొడుగు. వెనకనుంచి, పైనుంచి చూసినట్టుంది బొమ్మ. పీపాలాంటి ఒళ్ళు కాదు. మామూలు ఒళ్ళు. అలిసిన భుజాలు. చుట్ట ఉంది, పొగ లేదు. గీతలు తిన్నగా లేవు. ఒకచోట చెరిపి మళ్ళీ గీసినట్టుంది, కాగితం అక్కడ పలచబడింది. గొడుగు విప్పకపోవడం ఆమెకు కూడా గుర్తులేదు. విప్పలేదు కాబోలు.

ఓన్ పే గీత ఆమెకు తెలుసు. చిన్నప్పుడు పలక మీద గీసిన కుక్క దగ్గర్నుంచీ తెలుసు. వాడి గీత ఎప్పుడూ చెరపదు. ఒక్క విసురు, అంతే.

పైనుంచి. తమ ఇంటి కిటికీలోంచి.

ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. కింద యంత్రం ఆగి ఆగి తిరుగుతోంది.

"వెయ్యండి సయా," అంది చివరికి. "కింద మాట మాత్రం వద్దు."

"మాట లేని కార్టూనా? జనం ఏమనుకుంటారు?"

"ఏదో ఒకటి అనుకోనివ్వండి. ఇన్నాళ్ళూ నా మాటలే విన్నారుగా."

"సరే. ఓన్ పే పేరు వేసేస్తాను."

"ఇది ఓన్ పేది కాదు. థాన్ న్వే అని వెయ్యండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మను మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. "ఆ పిల్లా?" అన్నారు. "ఓన్ పే ఒప్పుకుంటాడా?"

జవాబు చెప్పేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఓన్ పే. తడిసి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. గుమ్మంలో అక్కను చూసి ఆగిపోయాడు. తరవాత బల్ల మీద కాగితం చూశాడు. అతని మొహంలో రంగు మారింది.

"థాన్ న్వే పేరుతో వెయ్యమంటోంది మీ అక్క," అన్నారు ఊ లూ డిన్. "ఏమంటావు?"

ఓన్ పే తడిసిన లుంగీ అంచు పిండుకున్నాడు. నేలవైపే చూస్తూ అన్నాడు.

"అది నేనే గీశాను."

కింద యంత్రం మళ్ళీ ఆగింది.

సెయిన్ యీ లేచింది. బొమ్మను రెండు చేతులా పట్టుకుని తమ్ముడి ముందుకు తెచ్చింది. కోప్పడలేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే అడిగినట్టే అడిగింది.

"ఆ రోజు పెట్టె నీ చేతిలోనే ఉంది. ట్రాముదాకా నా పక్కనే నడిచావు కదరా, మన కిటికీలోంచి నన్నెప్పుడు చూశావు? ఇందులో నువ్వెక్కడున్నావో చూపించు."